సీలు మారిస్తే సరిపోతుందా?

వ్యాన్ వెనక చక్రం లోపలి వైపు, టైరు మీద నల్లగా జిడ్డు మరక కనిపించిందనుకోండి. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ ఒంగి చూసి, వేలితో తుడిచి, వాసన చూసి "సీలు పోయిందండీ" అంటాడు. మనం వెంటనే "ఎంతవుతుంది?" అంటాం. సీలు ఖరీదు మహా అయితే ఓ సినిమా టికెట్టంత. కూలీ దగ్గర కాసేపు బేరమాడి, సాయంత్రానికి బండి ఇంటికి తెచ్చేసుకుంటాం. ఈ మాటల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అసలు సీలు ఎందుకు పోయింది?

ఆ ప్రశ్న అడగకుండా చేసే రిపేరు సగం రిపేరేనని, అది అడగడం నేర్పని ఇంజనీరింగ్ చదువు కూడా సగం చదువేనని నా అభిప్రాయం. సీఎస్ఈ మిత్రులు పేజీ తిప్పేయకండి. సర్వర్ పడిపోయిన ప్రతిసారీ రీస్టార్ట్ కొట్టి చేతులు దులుపుకునేవాళ్ళు మీలోనూ ఉన్నారు కదా, ఇదీ అదే జబ్బు.

ముందు సంగతేంటో చూద్దాం. ఓమ్నీ, ఈకో, సుమో, బొలెరో లాంటి బండ్లలో ఇంజను బలం వెనక చక్రాలకి వెళ్తుంది. వెనక అడ్డంగా ఉండే ఇనప గొట్టమే యాక్సిల్ హౌసింగ్. దాని మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేది డిఫరెన్షియల్, మన షెడ్డు భాషలో 'క్రౌన్'. అక్కణ్ణించి రెండు పక్కలకీ రెండు రాడ్లు బయల్దేరి చక్రాలని తిప్పుతాయి. రాడ్డు చివర బేరింగు, దాని పక్కన ఆయిల్ సీలు, ఆ బయట బ్రేకు డ్రమ్ము. క్రౌన్‌లో ఉండే 90 నంబరు గేర్ ఆయిల్‌ని అక్కడే ఉంచడం, బ్రేకు వైపు రానివ్వకపోవడం సీలు పని. పెద్ద లారీల్లో బండి బరువంతా హౌసింగ్ మీదే ఉంటుంది, రాడ్డు తిప్పడానికి మాత్రమే. ఈ చిన్న బండ్లలో అలా కాదు. తిప్పేదీ, బరువు మోసేదీ ఆ రాడ్డే, దాని చివరున్న ఆ ఒక్క బేరింగే.

ఇప్పుడు సీలు కారితే ఏమవుతుందో చూడండి. ఆయిల్ నేరుగా డ్రమ్ములోకి దిగుతుంది, బ్రేకు లైనర్లు తడుస్తాయి. తడిసిన లైనరు ఒక్కోసారి అస్సలు పట్టదు, ఒక్కోసారి ఉన్నట్టుండి గట్టిగా పట్టేస్తుంది. ఒక చక్రం పట్టి రెండోది పట్టకపోతే బండి ఓ పక్కకి లాగేస్తుంది. హ్యాండ్ బ్రేకు పనిచేసేదీ ఈ వెనక డ్రమ్ముల మీదే కాబట్టి, ఏటవాలు రోడ్డు మీద ఆపిన బండి నిలబడుతుందన్న నమ్మకమూ పోతుంది. ఇంకో పక్క క్రౌన్‌లో ఆయిల్ తగ్గిపోయి పళ్ళు అరుగుతాయి. అన్నిటికన్నా ఘోరం, బేరింగుని రాడ్డు మీద పట్టి ఉంచే కాలర్ వదులైతే, నడుస్తున్న బండిలోంచి రాడ్డుతో సహా చక్రం బయటికి వచ్చేయగలదు. ఇలాంటి బండ్లలో ఎవరు తిరుగుతారో మీకు తెలుసు. పొద్దున్నే బడి పిల్లలు, మధ్యాహ్నం పెళ్ళివాళ్ళు, రాత్రి ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళు. సీలు ఖరీదు చూసి దీన్ని చిన్న రిపేరు అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

మెకానిక్ వాసన చూశాడని చెప్పాను కదా. ఊరికే చూడలేదు. గేర్ ఆయిల్‌లో గంధకం కలిసిన పదార్థాలుంటాయి, పళ్ళ మధ్య విపరీతమైన ఒత్తిడిని తట్టుకోవడానికి. అందుకే దానికి ఆ ఘాటైన కంపు. అదే బ్రేకు సిలిండరు కారితే వచ్చేది బ్రేకు ఆయిల్. దానికి ఈ కంపు ఉండదు, నీళ్ళు పోస్తే కడుక్కుపోతుంది. రెండూ ఒకే చోట మరకలు చేస్తాయి, కానీ రిపేర్లు వేరు. ఒక్క వేలు, ఒక్క ముక్కుతో ఆ తేడా పట్టేసిన మనిషికి మన ల్యాబ్ రికార్డులో ఏ ప్రయోగం కిందా మార్కులు పడవు.

ఇక సీలు సంగతి. అది చూడ్డానికి ఓ రబ్బరు వాషర్‌లా ఉంటుంది. లోపల పల్చటి పెదవి, ఆ పెదవి చుట్టూ వెంట్రుకలాంటి చుట్ట స్ప్రింగు. పెదవి రాడ్డుని గట్టిగా నొక్కేసి ఆయిల్‌ని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అలా ఆపితే గంటలో కాలిపోతుంది. నిజానికి తిరిగే రాడ్డుకీ పెదవికీ మధ్య మైక్రాన్ లెక్కలో పల్చటి ఆయిల్ పొర ఎప్పుడూ ఉంటుంది. పెదవికి రెండు వైపులా కోణాలు సమానంగా ఉండవు. ఆయిల్ వైపు నిటారుగా, గాలి వైపు వాలుగా ఉంటుంది. ఆ తేడా వల్ల రాడ్డు తిరుగుతున్నప్పుడు పెదవి కింద చేరిన ఆయిల్ మళ్ళీ లోపలికే తోయబడుతుంది. అంటే సీలు అడ్డుగోడలా కాక, చిన్న పంపులా పనిచేస్తోందన్నమాట. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే. పంపు పనిచేయాలంటే రాడ్డు నునుపుగా ఉండాలి, గుండ్రంగా తిరగాలి, లోపల ఒత్తిడి పెరగకూడదు. ఈ మూడింట్లో ఏది తప్పినా ఎంత మంచి సీలైనా కారుతుంది.

చరిత్ర కూడా సరదాగా ఉంటుంది. స్ప్రింగున్న ఇలాంటి సీళ్ళని 1930ల్లో జర్మనీలో పేరుకి తెచ్చింది ఫ్రాయిడెన్‌బర్గ్ అనే సంస్థ. 1849లో అది మొదలైంది తోళ్ళు శుద్ధి చేసే కార్ఖానాగా. అందుకే తొలి సీళ్ళ పెదవులు తోలుతో చేసినవి. వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు పేరు మీదే వాటిని 'సిమ్మరింగ్' అన్నారు. తర్వాత తోలు పోయి కృత్రిమ రబ్బరు వచ్చింది. పెదవికి ఆయిల్ రాయకుండా పొడిగా బిగించకూడదన్న నియమం మాత్రం తోలు పోయినా పోలేదు. పొడి పెదవి మొదటి కొన్ని తిరుగుళ్ళలోనే మాడిపోతుంది.

సరే, సీలు ఎందుకు పోతుంది? వయసైపోయి రబ్బరు గట్టిపడటం ఒక కారణం, అది సహజం. మిగతావే అసలు చూడాల్సినవి.

మొదటిది బ్రీదర్. హౌసింగ్ పైన వేలెడంత కూడా లేని ఓ గాలి రంధ్రం, దాని మీద మూత. మట్టి, ఆయిల్ కలిసి అది మూసుకుపోతే ఏమవుతుందో ఇంటర్ ఫిజిక్స్‌తోనే లెక్క కట్టొచ్చు. లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకి వేడెక్కిందనుకోండి. కెల్విన్‌లో 303 నుంచి 363. ఘనపరిమాణం మారలేదు కాబట్టి ఒత్తిడి దాదాపు 20 శాతం పెరుగుతుంది. ఆ గాలికి బయటికి పోయే దారి కావాలి. దొరికేది సీలు పెదవే, గాలితో పాటు ఆయిలూ వస్తుంది.

మా బంధువొకాయన బడి పిల్లల్ని తిప్పే వ్యాన్ నడుపుతాడు. ఆయన బండికి ఎడమ పక్క సీలు కారితే మార్చారు. నెల తిరక్కుండా కుడి పక్క కారింది. అదీ మార్చారు. మళ్ళీ ఎడమ పక్క మొదలైంది. "సీళ్ళు డూప్లికేటువి వస్తున్నాయి రా" అని ఆయన విసుక్కున్నాడు. మూడోసారి వేరే షెడ్డుకి తీసుకెళ్తే, అక్కడి పెద్దాయన చక్రం ముట్టుకోకుండా ముందు కిందికి దూరి బ్రీదర్ విప్పాడు. గట్టిపడిన మట్టి ముద్ద. సన్న తీగతో పొడిచి, డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి పెట్టాడు. అప్పుడు సీలు మార్చాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ పని మీద షెడ్డుకి వెళ్ళలేదు. "రెండు పక్కలా వంతులేసుకుని కారుతుంటే తప్పు సీళ్ళది కాదు బాబూ, లోపల గాలి నిలబడిపోయిందని" అన్నాడట పెద్దాయన. మన పుస్తకాల్లో ఫాల్ట్ డయాగ్నసిస్ అని ఓ అధ్యాయం రాసేంత విషయం ఆ ఒక్క మాటలో ఉంది.

రెండోది బేరింగు. బేరింగు అరిగితే రాడ్డు గుండ్రంగా తిరగదు, ఊగుతుంది. ఊగే రాడ్డుతో పాటు పెదవి అంత వేగంగా కదల్లేదు. అలాంటి చోట కొత్త సీలు వేస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది? బేరింగు పోతోందని బండి ముందే చెప్తుంది. వేగంతో పాటు పెరిగే 'గూఁ' అన్న మోత, గేరు మార్చినా మారదు, స్టీరింగు ఓ పక్కకి తిప్పితే మాత్రం హెచ్చుతగ్గులవుతుంది, ఎందుకంటే బరువు ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి జరుగుతుంది. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడ తెలుస్తుంది. ఈ రెండు పరీక్షలకీ పైసా ఖర్చు లేదు.

మూడోది రాడ్డు మీది గాడి. ఏళ్ళ తరబడి ఒకే చోట పెదవి రాసుకుంటే ఇనుము మీద కూడా గీత పడుతుంది. రబ్బరు ఇనుముని అరగదీస్తుందా అని ఆశ్చర్యపోకండి, పెదవి కింద ఇరుక్కున్న దుమ్ము ఆ పని చేస్తుంది. గోరు పెట్టి చూస్తే గోరు ఆగుతుంది. కొత్త సీలు పెదవి కూడా సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటే లాభం లేదు. చోటుంటే సీలుని ఒకట్రెండు మిల్లీమీటర్లు అటో ఇటో జరిపి కూర్చోబెట్టాలి, లేదా రాడ్డు మీద పావు మిల్లీమీటరు మందం పైచిలుకు స్టీలు తొడుగు వేయాలి.

నాలుగోది నీళ్ళు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు వేలాది బండ్లు నీళ్ళలో నిలబడిపోయాయి. జనం ఇంజను గురించి కంగారు పడ్డారు, సీట్లు ఆరబెట్టారు. వెనక యాక్సిల్ ఎంతమందికి గుర్తొచ్చి ఉంటుంది? బ్రీదర్‌లోంచి నీళ్ళు లోపలికి పోతాయి. నడిచి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో దిగినా అంతే, లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్ళని పీల్చుకుంటుంది. క్రౌన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారిందంటే నీళ్ళు కలిసినట్టే. ఆ ఆయిల్‌తోనే తిరిగితే బేరింగు తుప్పు పట్టి, కొన్ని నెలలకి సీలు కారుతుంది. అప్పుడు వరద ఎవరికీ గుర్తుండదు, తిట్లు సీలుకే పడతాయి.

ఇంతవరకూ చదివి, ఇదంతా షెడ్డువాళ్ళని ఆకాశానికెత్తడానికి రాస్తున్నాననుకోకండి. అక్కడా చేయకూడని పనులు నడుస్తున్నాయి. ఆయిల్‌తో తడిసిన లైనర్లని పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి మళ్ళీ బిగించడం వాటిలో మొదటిది. లైనరులో సన్నటి రంధ్రాలుంటాయి. పైన ఆరినట్టు కనిపించినా, బ్రేకు వేడెక్కగానే లోపల దాక్కున్న ఆయిల్ మళ్ళీ పైకి వస్తుంది. తడిసిన లైనర్లు మార్చాల్సిందే, అదీ ఒక పక్కవి కాదు, రెండు పక్కలవీ. రాడ్డుని గరుకు కాగితంతో ఇష్టమొచ్చినట్టు రుద్దడం రెండోది. రుద్దేటప్పుడు మరలాంటి ఏటవాలు గీతలు పడితే, ఆ గీతలే ఆయిల్‌ని బయటికి తోసే స్క్రూగా పనిచేస్తాయి. పాత కాలర్‌నే మళ్ళీ కొట్టి బిగించడం మూడోది. చక్రం ఊడొచ్చే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కాలర్‌ని గ్రైండరుతో సగం కోసి, ఉలితో చీల్చి తీసేయాలి, రాడ్డుకి గాటు పడకుండా. దాని చోట కొత్తదే వేయాలి.

నాలుగోది సుత్తి. బేరింగుని రాడ్డు మీదికి ఎక్కించేటప్పుడు దెబ్బయినా ప్రెస్ అయినా లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ బలమంతా గుండ్ల మీదుగా వెళ్ళి, అవి పరిగెత్తే దారి మీద సన్నటి సొట్టలు పెడుతుంది. కొత్త బేరింగు పుట్టుకతోనే రోగిష్టిదవుతుంది. పది రోజులకి మోత మొదలైతే "కంపెనీ మాలు బాగోలేదు" అంటారు.

అయితే ఈ తప్పుల్లో మన వాటా కూడా ఉందని నేనంటాను. "లైనర్లు మార్చాలి" అని మెకానిక్ అంటే "కడిగి వేసెయ్ అన్నా, ఈసారికి నడుస్తుంది" అనేది మనమే. పోయిన బేరింగు ఒక్కటే మార్చమని, రెండోది చూడను కూడా చూడొద్దని బేరమాడేదీ మనమే. వ్యాను రోజు నిలబడిపోతే ఆ రోజు కిరాయి పోతుందన్న బాధ నిజమే, దాన్ని తీసిపారేయను. కానీ ఆ వ్యాను మూడుసార్లు నిలబడితే పోయింది మూడు రోజుల కిరాయి. కారణం వెతకడానికి పట్టింది అరగంట.

ఇక మన కాలేజీ సంగతి. డీఎమ్ఎమ్ పేపర్లో బేరింగు ఆయుష్షు మీద లెక్క తప్పకుండా వస్తుంది. డేటా బుక్ తెరిచి సి బై పి తీసుకుని, గుండ్ల బేరింగైతే మూడో ఘాతం, రోలర్ బేరింగైతే 10/3 ఘాతం వేసి, పది లక్షల తిరుగుళ్ళలో జవాబు రాసి, కింద రెండు గీతలు గీస్తాం. చక్రం చుట్టుకొలత 2 మీటర్లనుకుంటే పది లక్షల తిరుగుళ్ళంటే 2000 కిలోమీటర్లని మనలో ఎంతమందికి తట్టింది? బేరింగు మీద బరువు 20 శాతం పెరిగితే ఆయుష్షు 58 శాతానికి పడిపోతుందని ఆ సూత్రమే చెప్తుంది. రెట్టింపైతే ఎనిమిదో వంతు. పట్టే జనం కన్నా ఎక్కువమందిని కుక్కిన వ్యాను చూసినప్పుడు ఆ మూడో ఘాతం గుర్తు రావాలి. ఆ ఆయుష్షు కూడా నూటికి 90 బేరింగులు దాటే హద్దు మాత్రమే, మిగతా పది అంతకుముందే పోవచ్చు.

సూత్రం తప్పు కాదు, అది గొప్పదే. పాడైన బేరింగుని చేతిలో పట్టుకుని అది ఎలా చచ్చిందో చెప్పడం మాత్రం మనకి రాదు. దారి మీద పెచ్చులూడితే అది అలసట. గుండ్ల మధ్య ఉండే దూరంలోనే వరసగా సొట్టలుంటే అది సుత్తి దెబ్బ. నీలంగా, గోధుమ రంగుగా మారితే ఆయిల్ లేక వేడెక్కడం. ఎర్రటి మరకలుంటే నీళ్ళు. ఇవి ఏ వైవాలోనూ నన్నెవరూ అడగలేదు.

"ఇంజనీరు స్పానర్ పట్టాల్సిన పనేముంది, డిజైన్ చేస్తే చాలు" అనేవాళ్ళకి ఓ ఉదాహరణ చెప్తాను. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే ఊళ్ళో స్వెన్ వింగ్‌క్విస్ట్ అనే ఇంజనీరు ఓ బట్టల మిల్లులో పనిచేసేవాడు. పొడవాటి షాఫ్టులు కాస్త వంకర తిరగ్గానే బేరింగులు పాడైపోయేవి. కొత్తవి బిగించి ఊరుకుంటే ఆయన జీతం ఆయనకి వచ్చేది. ఎందుకు పోతున్నాయని అడిగి, షాఫ్టు వంగినా సర్దుకుపోయే రెండు వరసల గుండ్ల బేరింగుని 1907లో తయారుచేశాడు. ఎస్కేఎఫ్ పుట్టింది అలాగే. డిజైన్ మొదలైంది పాడైన భాగం దగ్గర.

కాబట్టి నాకు తోచిన మూడు పనులు చెప్తాను. ఒకటి, తుక్కు దుకాణంలో కిలోల లెక్కన దొరికే పాత వెనక యాక్సిల్ ఒకటి తెచ్చి మన ఆటోమొబైల్ ల్యాబ్‌లో పెట్టాలి. రంగులేసి, కోసి, అద్దాల పెట్టెలో పెట్టే నమూనా కాదు, చేతులు జిడ్డయ్యే యాక్సిల్. నలుగురు చొప్పున జట్టుగా విప్పి, సీలు, బేరింగు తీసి, రాడ్డు గోరుతో చూసి, ఎందుకు పోయిందో ఒక పేజీ రాయాలి. జవాబుకి మార్కులు కారణం మీద వేయాలి, బొమ్మ మీద కాదు. రెండు, ల్యాబ్‌లో ఓ బల్ల మీద చచ్చిన భాగాలు పెట్టాలి. ఊళ్ళో షెడ్లు రోజూ పారేస్తున్నవే, అడిగితే ఊరికే ఇస్తారు. ఒక్కో దాని పక్కన అది ఎలా పోయిందో చిన్న చీటీ.

మూడోది మన క్లబ్బు పని. షెడ్డులో పనిచేసే కుర్రాడు పని చూసి నేర్చుకుంటాడు. పెదవి ఆయిల్ వైపు ఉండాలని గురువు చెప్తాడు, ఎందుకో గురువుకి టైముంటే చెప్తాడు, లేకపోతే లేదు. కంపెనీ మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది. సీలు, బేరింగు, బ్రీదర్, లైనరు, కాలర్... మాటలన్నీ వాడికి తెలిసినవే. ఆ మాటలతోనే, వాడు చదువుకునేలా, "సీలు మార్చే ముందు చూడాల్సినవి" అని ఒక్క పేజీ తెలుగులో ఎవరైనా రాసిచ్చారా? కథలూ కవితలూ రాయగలిగినవాళ్ళం, ఆ పేజీ రాయలేమా? మెకానికల్ వాళ్ళు విషయం చెప్పండి, మిగతా బ్రాంచీలవాళ్ళు వాక్యాలు సరిచేయండి. రాశాక అచ్చు వేయించే ముందు ఆటోనగర్ తీసుకెళ్ళి, ఓ పెద్ద మెకానిక్‌కి చదివి వినిపిద్దాం. ఆయన "ఇది తప్పు" అన్న ప్రతి చోటా దిద్దుకుందాం.

వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం క్లబ్బు గదిలో ఆ పేజీకి కూర్చుందామని నా ప్రతిపాదన. వచ్చేవాళ్ళు మీకు తెలిసిన షెడ్డు నుంచి ఓ పాత సీలో, బేరింగో పట్టుకురండి.